తోలు లండన్‌కు, కంపు మెదక్‌కు

జకరయ్య వస్తున్నాడంటే కళ్లు మూసుకున్నవాడికి కూడా తెలిసిపోయేది. అతనికంటే ముందు అతని చెప్పులు పలికేవి. అడుగు వేస్తే కిర్రు, అడుగు తీస్తే కిర్రు. మెదక్‌లోనూ, చుట్టుపక్కల ఊళ్లలోనూ కిర్రు చెప్పులు కుట్టడంలో తనను మించినవాడు లేడని జకరయ్య నమ్మకం. ఎవరు అడిగినా అడగకపోయినా ఆ మాట తనే చెప్పేవాడు. వినయం చర్చిలో మోకాళ్ల మీద ఉన్నంతసేపు ఉంటే చాలు, లేచి నిలబడ్డాక దానితో పనిలేదని అతని లెక్క.

చెప్పుకు కిర్రు ఎలా వస్తుందో ఊళ్లో ఎవరికీ అంతుపట్టలేదు. చెప్పు అడుగున ఉండే రెండు అట్టల మధ్య ఎండు తోలుముక్క ఏదో పెడతాడని కొందరు, అంతా నూనె పట్టించడంలోనే ఉందని కొందరు అనుకునేవాళ్లు. అతని తండ్రి గాలయ్య ఆ పని నోటితో చెప్పి నేర్పలేదు. చేస్తూ కూర్చున్నాడు, కొడుకు చూస్తూ కూర్చున్నాడు. ఎన్నో ఏళ్లు అలా చూశాక ఒక రోజు చేతికి వచ్చేసింది.

అయితే గాలయ్య కుట్టిన కిర్రు చెప్పులు గాలయ్య కాళ్లు ఎన్నడూ ఎరగవు. అవి పటేళ్లకు. వీధిలో ఆ చప్పుడు వినపడగానే అరుగుల మీద కూర్చున్నవాళ్లు లేచి నిలబడాలి, అందుకోసమే ఆ చప్పుడు. పటేళ్ల వీధిలోకి వస్తే గాలయ్య తన మామూలు చెప్పుల్ని కూడా చేత్తో పట్టుకుని నడిచేవాడు. చర్చి కట్టిన కరువు రోజుల్లో రాళ్లు మోసి, బాప్తిస్మం తీసుకుని, ఆదివారం పూట తెల్లదొరల పక్కన నిలబడి పాటలు పాడినా సరే, సోమవారం ఆ వీధిలోకి వచ్చేసరికి చెప్పులు చేతుల్లోకి వచ్చేవి. జకరయ్యకు ఇది చిన్నప్పటి నుంచీ ఒళ్లు మండే విషయం.

నిజాం రాజ్యం పోయిన ఏడు అతనికి ఇరవై ఎనిమిదేళ్లు. ఆ ఏడు తనకోసం ఒక జత కిర్రు చెప్పులు కుట్టుకున్నాడు. వేసుకుని పటేళ్ల వీధిలో ఈ చివర నుంచి ఆ చివరకు ఒకసారి, ఆ చివర నుంచి ఈ చివరకు ఒకసారి నడిచాడు. పెద్ద పటేలు పిలిపించి ఇదేమిటని అడిగితే, తోలు నాది, కుట్టింది నేను, కాళ్లు కూడా నావేనని జవాబిచ్చాడు. ఆ జవాబుకు వీపు వాచింది. మర్నాడు వాచిన వీపుతోనే మళ్లీ వచ్చాడు, మూడోనాడూ వచ్చాడు. వారం రోజులకు కొట్టేవాళ్లకే విసుగొచ్చింది. ఆ తర్వాత ఎవరూ ఏమీ అనలేదు.

ఇదంతా ఎందుకు చెబుతున్నానంటే, ఈ మనిషి దగ్గరికి ఒకనాడు లండన్ నుంచి ఉత్తరం వచ్చింది, కిర్రు తీసెయ్యమని. దాని సంగతి చెప్పాలంటే ముందు తోలు సంగతి చెప్పాలి.

రైతు ఇంట్లో ఎద్దో బర్రెనో చస్తే కబురు నేరుగా జకరయ్య వాళ్ల వాడకు వచ్చేది. వాడలో పన్నెండు ఇళ్లు, పన్నెండూ తోలుపనివే. ఐదారుగురు బండి కట్టుకుని వెళ్లి, చచ్చినదాన్ని ఎత్తుకొచ్చి, వాడ వెనక బండల మీద తోలు ఒలిచేవాళ్లు. ఆ తోలు వాళ్లదే. బదులుగా ఆ రైతు ఇంటిల్లిపాదికీ ఏడాదికొకసారి చెప్పులు కుట్టాలి, బావి మోటకు తోలు బొక్కెన కుట్టిపెట్టాలి. కాగితం మీద రాసుకున్న ఒప్పందం కాదిది. ఎవరి తాతలనాడు మొదలైందో కూడా ఎవరికీ తెలియదు.

తోలు చేతికి రావడం ఒక ఎత్తు, దాన్ని పదును చేయడం ఒక ఎత్తు. సున్నపు నీళ్లలో నానబెట్టి, వెంట్రుక గీకి, కడిగి, లందలో వేసి, తర్వాత సంచిలా కుట్టి, తంగేడు చెక్క నీళ్లు నింపి వేలాడదీయాలి. లంద అంటే తోళ్లు నానే తొట్టి. ఆ కంపు ఎండాకాలంలో చర్చి గేటు దాకా వెళ్లేది. పట్నం నుంచి వచ్చినవాళ్లు ముక్కుకు గుడ్డ కట్టుకునేవాళ్లు. వాడలో పిల్లలు మాత్రం ఆ కంపులోనే పుట్టి, ఆ కంపులోనే ఆడుకుని, ఆ కంపు వల్లనే అన్నం తిన్నారు. చివర నూనె పట్టించి, రుద్ది రుద్ది నునుపు తేల్చినప్పుడు ఆ తోలును చెంపకు ఆనించి చూడటం జకరయ్యకు అలవాటు. ఆయనకు ఇంకో పెళ్లాం ఉందని, అది లంద దగ్గర ఉంటుందని భార్య రాహేలు ఎగతాళి చేసేది.

పెద్ద పటేలు పోయాక ఆ ఇంటి పెత్తనం కొడుకు మదన్ మోహన్‌కు వచ్చింది. హైదరాబాదులో చదువుకున్నవాడు, నవ్వు ముఖంవాడు. తండ్రిలా చెయ్యెత్తే రకం కాదు. అరవై ఆరో సంవత్సరం ఎండాకాలంలో సర్కారు రూపాయి విలువ తగ్గించినప్పుడు, బస్టాండు హోటల్లో కూర్చుని ఆ విషయం అందరికీ విడమరిచి చెప్పాడు. మన రూపాయి పడింది కాబట్టి మన సరుకు విదేశాలవాళ్లకు అగ్గువైంది, ఇక వాళ్లు ఎగబడి కొంటారు అని. పక్కనే ఎవరిదో చెప్పుకు మేకు కొడుతున్న జకరయ్య తల ఎత్తకుండానే, నేను కాలుజారి పడితే నాకేం లాభమని అడిగాడు. అందరూ నవ్వారు. మదన్ మోహన్ కూడా నవ్వాడు.

నవ్వినవాడు ఊరుకోలేదు. మద్రాసులో తోళ్లు ఓడకెక్కించే వ్యాపారితో మాట్లాడుకుని వచ్చాడు. రైతుల ఇంటింటికీ తిరిగి, చచ్చిన గొడ్డు తోలు ఇక నాకివ్వండి, రొక్కం ఇస్తాను అన్నాడు. అప్పటికి బావుల మీద ఆయిల్ ఇంజన్లు వచ్చేశాయి. మోట పోయింది, దానితో బొక్కెన పోయింది. కాళ్లకు రబ్బరు చెప్పులు వచ్చాయి. రైతులకు వాడతో పని తగ్గిపోయింది, సరే అన్నారు. వాడను మాత్రం ఎవరూ ఒక్క మాట అడగలేదు.

అలా పన్నెండు ఇళ్లవాళ్లూ ఒక్క పూటలో కూలీలయ్యారు. ఎత్తుకొచ్చినందుకు కూలి, ఒలిచినందుకు కూలి, లందలో వేసినందుకు కూలి. ఐదు తోళ్లకు ఒక తోలు వాళ్లకు వదిలేవాడు మదన్ మోహన్, దయగల మనిషి కదా. మిగతా నాలుగూ తంగేడు పట్టగానే, నూనె పెట్టకముందే లారీ ఎక్కాలి. సగం పనిలో తోలును లాగేసుకోవడం జకరయ్య బతుకులో ఎన్నడూ చూడలేదు. ఎందుకిలా అని అడిగాడు. తోలు వెళ్లే లండన్‌లో పెద్ద పెద్ద కార్ఖానాలున్నాయని, రంగు, నునుపు, మెరుపు అన్నీ అక్కడివాళ్లే చేసుకుంటారని మదన్ మోహన్ చెప్పాడు. మరి సున్నం పని, లంద పని కూడా వాళ్లే చేసుకోవచ్చు కదా అన్నాడు జకరయ్య. ఇళ్ల నడుమ ఆ కంపు పెట్టనివ్వరట, అక్కడి సర్కారు ఒప్పుకోదట.

ఆ రోజు ఇంటికొచ్చి జకరయ్య చాలాసేపు నవ్వాడు. కంపు మనకు పెట్టి తోలు తీసుకుపోతారట అని రాహేలుకు చెప్పాడు. రాహేలు నవ్వలేదు.

రెండేళ్లు అలా గడిచాయి. ఐదింటికి ఒక తోలు పన్నెండు ఇళ్లకు ఏ మూలకు వస్తుంది? జకరయ్య చేతిలో కుట్టే ఆరె ఉంది, కోసే రంపె ఉంది, కోయడానికి తోలు లేదు. తెగిన రబ్బరు చెప్పులకు మేకులు కొడుతూ బస్టాండు దగ్గర కూర్చునేవాడు. తోలు లేకపోతే తన చేతులు ఉండీ లేనట్టేనని అతనికి తెలుసు. బతుకుతెరువు ఏదో ఒకటి దొరుకుతుంది. కానీ గాలయ్య కూర్చుని చూపించిన పని తనతోనే ఆగిపోతుంది. ఆ భయం అతన్ని లోపల తొలిచేసేది, దాన్ని కోపంగా మార్చి పైకి చూపించేవాడు.

అలాంటప్పుడు మదన్ మోహన్ ఒక బొమ్మల పుస్తకం పట్టుకుని వాడకు వచ్చాడు. లండన్‌లో కుర్రకారుకు ఇప్పుడు మన దేశపు చెప్పుల మీద మోజు పుట్టిందట. ఒక దుకాణంవాళ్లు మూడు డజన్ల జతలు పంపమన్నారట. నచ్చితే వందల జతలు అడుగుతారు, అప్పుడు తోలు ఇక్కడే ఉండి ఇక్కడే చెప్పులవుతుంది. ఆ చివరి మాట జకరయ్య చెవిలో తేనె పోసింది. మంచి తోళ్లు ఏరుకుని, రెండు నెలలు తల ఎత్తకుండా కుట్టాడు. అతని పక్కన కూర్చుని పనిచేసే కృపాదానం అనే వాడ యువకుడు అట్టలు కోసిచ్చాడు. వార్లు తెగవు, కుట్లు కనపడవు, మడమ దగ్గర మెత్తగా ఒదిగిపోయే చెప్పులు. ముప్పై ఆరు జతలకూ కిర్రు పెట్టాడు.

పెట్టవద్దని మదన్ మోహన్ చెప్పలేదు. చెప్పాలని అతనికి తట్టలేదు. పుట్టినప్పటి నుంచీ ఇంట్లో ఆ చప్పుడు వింటూ పెరిగినవాడు, అది చెప్పులో వేరే ఒక వస్తువని ఎలా అనుకుంటాడు? ఇక జకరయ్య సంగతా, అంత దూరం నుంచి అడిగినవాళ్లకు కిర్రు లేని చెప్పులు పంపడం అతని దృష్టిలో అవమానం చేయడమే.

వానలు వెళ్లిపోయాక ఒక పార్సిల్ వచ్చింది. అందులో ఒక జత చెప్పులు, ఒక ఉత్తరం. రెండు చెప్పుల అట్టలూ పదునైన కత్తితో నిలువునా చీల్చి ఉన్నాయి. ఉత్తరం చదవడానికి మిషన్ బడి పంతులు జయానందం వచ్చాడు. నడుస్తుంటే ఈ చెప్పులు శబ్దం చేస్తున్నాయని, కొన్నవాళ్లు తిరిగి తెచ్చి ఇస్తున్నారని అందులో రాసి ఉంది. ఈ లోపం ఎక్కడుందో తెలుసుకోవడానికి ఒక జతను కోసి చూశామని, ఏమీ కనపడలేదని రాసి ఉంది. తోలు మాత్రం ఎంతో బాగుందని, ఇకమీదట ఆ తోలు వరకే పంపితే చాలునని చివర మర్యాదగా రాశారు.

జకరయ్య చీల్చిన చెప్పును చేతిలోకి తీసుకుని, చీలిక లోపల బొటనవేలు పెట్టి తడిమి చూశాడు. మనిషి పోయాక పరీక్ష కోసం దవాఖానాలో ఒళ్లు కోస్తారని విన్నాడు. చెప్పును కూడా కోస్తారని ఇప్పుడే తెలిసింది.

"లోపం అని రాసిండ్రా సార్?" అని అడిగాడు.

జయానందం తల ఊపాడు.

"కోస్తె కనపడేదే అయితే మా నాయిన దగ్గర నేను పదేండ్లు ఎందుకు కూసుంట?"

పంతులు అతన్ని ఊరడించాలనుకున్నాడు. మిషన్‌లో ఉండే ఇంగ్లీషు అమ్మ చెప్పిన విషయం ఒకటి చెప్పాడు. వాళ్ల దేశంలో తరతరాలుగా బూట్లు కుట్టే ఊరు ఒకటుందట. ఇటలీ నుంచి అగ్గువ బూట్లు వచ్చిపడి, ఆ ఊళ్లో ఒక్కొక్క కొట్టే మూతపడుతోందట. జకరయ్య చీల్చిన చెప్పును అటూ ఇటూ తిప్పి చూశాడు. చివరకు, అయితే అక్కడ కూడా ఒక జకరయ్య ఉన్నాడన్నమాట, వాడి చేతులు కూడా ఖాళీయే అన్నాడు. అతని కోపం ఆ రోజు లండన్ మీద కొంచెం తగ్గింది. తగ్గినంతా మదన్ మోహన్ మీదికి వచ్చింది.

మదన్ మోహన్ మెత్తగానే మాట్లాడాడు. నీ పని బాగాలేదని కాదు జకరయ్యా, వాళ్లకు అక్కర్లేదు, అంతే అన్నాడు. ఇకనుంచి ఐదింటికి ఒక తోలు కూడా వదలడం కుదరదని, అన్నీ ఓడకే వెళ్లాలని, మాట ఇచ్చేశానని చెప్పాడు. కావాలంటే కూలి పెంచుతానన్నాడు.

ఆ ఆదివారం ఆరాధన అయ్యాక పన్నెండు ఇళ్లవాళ్లూ వాడలో కూర్చున్నారు. మగవాళ్లు తలా ఒక మాట అన్నారు. కూలి అయినా దొరుకుతోంది కదా, అదీ పోతే ఎలా అని కృపాదానం భయపడ్డాడు. అతనిది తప్పు కాదు, ఇంట్లో ముగ్గురు పిల్లలు. పటేలు కాళ్లు పట్టుకుందామన్నవాడూ ఒకడున్నాడు. జకరయ్య అతని వైపు చూసిన చూపుకు ఆ మాట అక్కడే చచ్చింది. ఎంతకూ తెగకపోయేసరికి, గుంజకు ఆనుకుని నిలబడ్డ రాహేలు నోరు విప్పింది.

"తోలు ఎవలిదన్నది తర్వాత. ఎత్తెటోళ్లం మనమే గద. ఎత్తకుంటె ఏమైతదో జర చూద్దాం."

అంతే, తీర్మానం అయిపోయింది. ఆ మర్నాటి నుంచి మెదక్‌లో చచ్చిన గొడ్డును వాడ ముట్టలేదు.

మొదట ఒక రైతు ఇంట్లో బర్రె చచ్చింది. ఎవరూ రాలేదు. రైతు, ఇద్దరు కొడుకులు కలిసి దాన్ని నానా తంటాలు పడి ఈడ్చి, చేలో గొయ్యి తీసి పూడ్చిపెట్టారు. తోలుతో సహా మట్టిలో కలిసింది. మంచి ఈడు బర్రె, బాగా మందమైన తోలు. ఆ పూట జకరయ్యకు అన్నం సహించలేదు. పంతం తనదే, నష్టమూ తన కళ్లముందే. చలికాలం పోయేలోగా ఇంకో మూడు గొడ్లు అలాగే మట్టిలోకి వెళ్లాయి. వాడలో కూలి డబ్బులు ఆగిపోయి, ఇంటింటా అంబలి పలచబడింది. అయినా ఒక్కరూ వెనక్కి తగ్గలేదు.

ఏప్రిల్ నెలలో ఒక తెల్లవారుజామున మదన్ మోహన్ ఇంట్లోనే ఎద్దు చచ్చింది. మామూలు ఎద్దు కాదు. ఏడుపాయల జాతరకు బండి కడితే జనం ఆగి చూసే జతలో పెద్దది. అతని తల్లి గోదావరి దానికి దినం తన చేత్తో కుడితి పెట్టేది. ఇంటి వెనక కొట్టంలో పడి ఉంది. ఎండలు ముదిరిన రోజులు, పొద్దు ఎక్కేకొద్దీ పొట్ట ఉబ్బసాగింది. జీతగాళ్లు దాన్ని తాము ముట్టేది లేదని నిలబడ్డారు. మదన్ మోహన్ తూప్రాన్ నుంచి తోలుపని మనుషుల్ని లారీలో రప్పించాడు. వాళ్లు లారీ దిగి, విషయం విని, నీళ్లు తాగి తిరిగి లారీ ఎక్కారు. జకరయ్య చెల్లెలు మార్తమ్మను ఇచ్చింది తూప్రాన్‌కే. ఆ మాట పటేలుకు ఎవరూ చెప్పలేదు.

మధ్యాహ్నం మదన్ మోహన్ స్వయంగా లంద దగ్గరికి వచ్చాడు. ముక్కుకు రుమాలు. లందలు ఖాళీగా ఎండిపోయి ఉన్నాయి, నిజానికి ఆ రోజు అక్కడ కంపు లేదు. కంపంతా అతని ఇంట్లోనే ఉంది.

"ఏం కావాలె చెప్పు జకరయ్యా. కూలి ఎంతంటే అంత ఇస్త."

"కూలి మాట కాదు పటేలా. తోలు మాట చెప్పుండ్రి."

"లండన్ వాళ్లకు మాటిచ్చిన."

"అట్లయితె లండన్‌కు ఉత్తరం రాయుండ్రి. తోలు తీస్కపోయెటోళ్లే వచ్చి ఎత్తుకపోతరు. తోలు వాళ్లకు, కంపు మాకు అంటె ఎట్ల? రెండూ ఒక్కకాడనే ఉండాలె."

మదన్ మోహన్ రుమాలు తీసేశాడు. కోపం వచ్చింది, ముఖం ఎర్రబడింది. తండ్రి కాలమైతే ఏం జరిగేదో ఇద్దరికీ తెలుసు. ఆ కాలం పోయిందని కూడా ఇద్దరికీ తెలుసు. కాసేపటికి, సరే, ఈ ఊరి తోళ్లు మీకే అన్నాడు. జకరయ్య కదల్లేదు. ఆ మాట ఇక్కడ లంద దగ్గర నాతో కాదు, అక్కడ మీ వాకిట్లో రైతులందరూ వింటుండగా చెప్పాలన్నాడు.

చెప్పాడు. కొట్టం ముందు ముక్కులు మూసుకుని నిలబడ్డ రైతుల ముందు, మెదక్‌లో చచ్చిన గొడ్డు తోలు ఇకమీదట వాడదేనని మదన్ మోహన్ నోటితో చెప్పాడు. అప్పుడు వాడవాళ్లు బండి వెనక్కి తోలుకొచ్చి నిలిపారు. తాళ్లు వేశారు, గుంజలు దూర్చారు. ఒక పక్క ముగ్గురు, ఒక పక్క ఇద్దరు. జకరయ్య తన చోట వంగి, మళ్లీ నిటారుగా లేచాడు.

"ఒక మనిషి తక్కువున్నడు పటేలా. లండన్ వాళ్లు రాకపాయె. వాళ్లకు మాటిచ్చింది మీరే గద, వాళ్ల తరఫున మీరొక చెయ్యి వెయ్యుండ్రి."

జీతగాళ్లు నేల చూశారు. రైతుల్లో ఒకడు దగ్గాడు. వాడలో ఇంకో పదిమంది మగవాళ్లు ఉన్నారని అక్కడున్న ప్రతివాడికీ తెలుసు. మదన్ మోహన్ చుట్టూ చూసి, చివరకు అరుగు మీద నిలబడ్డ తల్లి వైపు చూశాడు. పొద్దుటి నుంచి ఏడ్చి ఏడ్చి గోదావరి కళ్లు వాచి ఉన్నాయి. ఆమె చూపు కొడుకు మీద లేదు, ఎద్దు మీద ఉంది.

"పట్టు బిడ్డా. పదేండ్లు మన చేను దున్నింది."

మదన్ మోహన్ చేతి గడియారం విప్పి జేబులో వేసుకున్నాడు. చొక్కా చేతులు మడిచాడు. తానూ వచ్చి కృపాదానం పక్కన గుంజ కింద భుజం పెట్టాడు. ఎలా పట్టుకోవాలో తెలియక తప్పుగా పట్టుకున్నాడు. అక్కడ కాదు, జర కిందికి అని కృపాదానం మెల్లగా చెప్పాడు. జకరయ్య ఊ అన్నాడు, ఆరుగురూ ఒక్కసారి లేచారు. ఎద్దు బండిలో పడింది. మదన్ మోహన్ ధోవతి నిండా మురికి, అతని చేతులకు అంటిన కంపు ఎన్ని సబ్బులు పెట్టినా వారం దాకా పోలేదని తర్వాత జీతగాళ్లు చెప్పుకున్నారు.

అతను వ్యాపారం మానలేదు. శివ్వంపేట వైపు ఊళ్ల నుంచి తోళ్లు తెప్పించి మద్రాసుకు పంపుతూనే ఉన్నాడు. లోకం అంతా మారిపోయిందని నేను చెప్పడం లేదు, అబద్ధం చెప్పి మెప్పించే అలవాటు నాకు లేదు. కానీ ఆ రోజు బండ మీద ఒలిచిన ఎద్దు తోలును జకరయ్య సున్నంలో వేశాడు, లందలో వేశాడు, తంగేడు నీళ్లు నింపి వేలాడదీశాడు, నూనె పట్టించాడు. ఒక్క పూట తగ్గించకుండా, పూర్తిగా పదును చేశాడు. ఆ తోలు సముద్రం దాటలేదు.